కట్టె కర్రల వకీలు సాబ్, నా హాండిక్యాప్ రిజిస్టరు

గోల్ఫ్ క్లబ్బులో హాండిక్యాప్ గుమాస్తాగా నేను చేరింది నలభై తొమ్మిదిలో. గోల్ఫ్ మైదానాన్ని మొదటిసారి చూసింది యాభై మూడులో. మధ్యలో ఆ నాలుగేళ్లూ ఎవరు ఎంత బాగా ఆడతారో అంకెల్లో తేల్చి, పెద్దల చేత సంతకం చేయించి, అద్దాల బోర్డులో తగిలించాను. చదివి నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు. నాకు నవ్వు రావడానికి మాత్రం ఇరవై ఏళ్లు పట్టింది.

కూడికల్లో నేను తప్పు చేయలేదని గట్టిగా చెప్పగలను. తప్పంతా కూడికకు ముందే, నేను చూడని చోట, ఎంతో మర్యాదగా జరిగిపోయేది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు లెక్కించే యంత్రాలు ఉన్నాయని విన్నాను. సంతోషం. కానీ యంత్రం కూడా నాలాగే కుర్చీలో కూర్చుని పనిచేసేదే కాబట్టి, నా సంగతి రాసి పెడితే కొంత పనికొస్తుందనిపించింది.

*కింద కర్ర, పైన అంకె*

ఆబిడ్స్‌లో ఆట సామాన్ల దుకాణం ఒకటి ఉండేది. కింద దుకాణం, పైన ఒకే ఒక గది. మైదానం నాంపల్లి స్టేషన్ దాటి, రాళ్ల గుట్టల అవతల, ఊరికి దూరంగా ఉండేది. మెంబర్లలో ఎక్కువమందికి కొలువులు, కోర్టులు ఆబిడ్స్ నాంపల్లి చుట్టుపక్కలే. అందుకని క్లబ్బు కాగితాలన్నీ ఆ పై గదిలో పెట్టారు. నన్ను పెట్టుకున్నది దుకాణం కోసం. నా చేతిరాత బాగుందని పై గదికి కూడా పంపారు. పొద్దున కింద కర్రలకు నూనె రాసేవాణ్ణి, మధ్యాహ్నం పైన పెద్దమనుషులకు అంకెలు రాసేవాణ్ణి. రాయడమే కదా, రెండూ ఒకటే పని అనుకున్నాను.

పోలీస్ యాక్షన్ అయిన కొత్తలో ఊరు విడిచి వెళ్లేవాళ్లు గోల్ఫ్ సంచులు తెచ్చి మా దుకాణంలో పడేసేవాళ్లు. కొత్తగా వచ్చిన అధికారులందరి దగ్గరా ఉక్కు కర్రలే. పాతవాటికి హికరీ అనే చెట్టు కట్టె. ఆ చెట్టును మాలో ఎవరూ చూడలేదు. కట్టెను మాత్రం చూశాం, తేనె రంగు. చేతులు పట్టి పట్టి ఒకచోట నల్లబడి, అద్దంలా మెరిసేది. మధ్యాహ్నం బేరాలు లేని వేళ వెనక గదిలో కూర్చుంటే, అవిసె నూనె వాసన, పాత తోలు పట్టీల వాసన, ఎవరివో తెలియని అరచేతుల వాసన కలిసి వచ్చి కళ్లు వాలిపోయేవి. బయట రిక్షా గంటలు దూరమైపోయేవి. చూడని మైదానం ఒకటి కళ్ల ముందు పచ్చగా పరుచుకునేది. ఆ పచ్చదనం పూర్తిగా నా సొంత కల్పన అని తర్వాత తెలిసింది.

హాండిక్యాప్ అంటే ఏమిటో తెలియనివాళ్లకు ఒక్క మాటలో చెబుతాను. పద్దెనిమిది హోళ్లలో, అంటే గుంటల్లో, బంతి వేస్తూ మైదానమంతా చుట్టి రావడానికి మంచి ఆటగాడికి డెబ్బై దెబ్బలు చాలు. ఒకాయనకు మామూలుగా తొంభై పడతాయి. ఎక్కువైన ఆ ఇరవై ఆయన హాండిక్యాప్. పోటీలో ఆ ఇరవై తీసేసి చూస్తారు. అప్పుడు మంచి ఆటగాడూ మామూలు ఆటగాడూ సమానంగా నిలబడతారు. లోకంలో ఇంత న్యాయమైన లెక్క మరొకటి నాకు కనబడలేదు, అంకె నిజమైతే. అంకె చిన్నదైతే గొప్ప కాబట్టి, చాలామందికి నిజం కంటే చిన్నదే ముద్దు.

*నానబెట్టిన మాషీ*

మా బోర్డులో చిట్టచివరి పేరు లక్ష్మణ్ రావు వకీలు సాబ్‌ది. ఇరవై. డెబ్బైకి దగ్గర పడిన మనిషి, నాంపల్లి కోర్టులో ప్రాక్టీసు. ఇంగ్లండుకు తిరిగి వెళ్లిపోతూ ఒక క్లయింటు ఇచ్చిపోయిన ఏడు కట్టె కర్రలతోనే ఆడేవాడు. ఉక్కువి కొనమంటే, ‘ఇవి ఇంకా బతికే ఉన్నయి కదయ్యా’ అనేవాడు.

ఒక వేసవిలో ఆయన మాషీ తెచ్చిచ్చాడు. మాషీ అంటే ఇనుప తల ఉన్న కర్ర, బంతిని మధ్య దూరానికి కొట్టేది. మన ఎండకు కట్టె ఎండి తల వదులైంది. మాకు పని నేర్పిన రహీం ఉస్తాద్ ఆ రోజు లేడు. కట్టెకు నీళ్లు తగిలితే ఉబ్బుతుంది కదా అని నాకు గొప్ప ఆలోచన వచ్చింది. బకెట్లో పెట్టి ఇంటికి పోయాను. పొద్దున తల బిగిసింది. మధ్యాహ్నానికి కట్టె మెల్లగా, విల్లులా వంగింది.

ఉస్తాద్ వచ్చి చూశాడు. "ఏందిది విఠల్? నానబెట్టినవా? కట్టె అనుకున్నవా, శెనగలు అనుకున్నవా?"

"తల బిగుస్తదనుకున్న ఉస్తాద్."

"నీ తల బిగియ్యాలె ముందుగాల. మొలకలు వచ్చినంక చెప్పు, గుగ్గిళ్లు చేసుకుందం."

వకీలు సాబ్‌కు ఎలా చెప్పాలా అని నాకు ప్రాణం పోయింది. ఆయన మాషీని కన్నుకు ఆనించి, తుపాకీ చూసినట్టు చూశాడు. "జర ఎడమకు చూస్తున్నది. పర్వా లేదు. నేను జర కుడికి నిలబడత." అంతే. ఆ ఏడాదంతా ఆ వంకర మాషీతోనే ఆడి, ఎన్ని దెబ్బలు ఎక్కువ పడితే అన్నీ ఆట లెక్క రాసే కార్డులో వేసి ఇచ్చాడు. ఒక్కటీ నా ఖాతాలో వేయలేదు. ఆయన అంకె పద్దెనిమిది నుంచి ఇరవైకి దిగజారింది ఆ ఏడాదే. ఆ ముచ్చట గుర్తుంచుకోండి. ఆ రెండు దెబ్బలూ ఆయనవి కావు, నావి.

కర్రలు బాగుచేసే పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. పాత కట్టెకు నూనె, నీడ, ఓపిక. నీళ్లు మీరు తాగండి.

*ఉత్తరం*

యాభై రెండులో క్లబ్బుకు కొత్త సెక్రటరీ వచ్చారు. ఖైరతాబాద్‌లో బంగళా, ఇస్త్రీ నలగని తెల్ల ప్యాంటు, హాండిక్యాప్ తొమ్మిది. పనిలో చురుకైనవారే, ఆ మాట కాదనను. వర్షానికి కారే పై గది కప్పును వారంలో బాగుచేయించారు. కాకపోతే క్లబ్బు ఎలా ఉందన్న దానికంటే ఎలా కనబడుతున్నదన్న ఫికర్ ఆయనకు ఎక్కువ.

మరుసటి ఏడాది ఎండలు ముదరకముందే ఒక నియమం పెట్టారు. ఆదివారం పొద్దున పదిలోపు మైదానంలో పద్దెనిమిది, అంతకంటే తక్కువ హాండిక్యాప్ ఉన్నవాళ్లే ఆడాలి. మిగతావాళ్లు పది తర్వాత రావాలి. మిగతావాళ్లు అంటే లెక్కకు ఒక్కరే, వకీలు సాబ్.

"వయసు మీద పడ్డాయన సార్, పది దాటితే ఎండ..." అని నసిగాను.

"గందుకే చెప్తున్న. గంటకొక హోల్ ఆడతడు. ప్రతి బంతీ గుంటల పడేదాక వదలడు. ఎన్క నలుగురు ఆఫీసర్లు నిలబడి చూస్తుంటరు. ఆ కట్టెలేంది, ఆ సంచి ఏంది? ఇది క్లబ్బా, పాత సామాన్లు చూపెట్టే అజాయబ్ ఘరా? రాయి ఉత్తరం."

రాశాను. ‘నియమానుసారం తమకు ఆదివారం ఉదయపు ఆట వీలుపడదని తెలియజేయుటకు చింతిస్తున్నాము’ అన్న అర్థం వచ్చేలా చక్కటి ఇంగ్లీషులో టైపు చేశాను. మార్జిన్లు చాలా బాగా వచ్చాయని మురిసిపోయాను కూడా. వారమంతా కోర్టులో నిలబడే మనిషికి ఉన్నది ఆదివారం పొద్దు ఒక్కటేనని, డెబ్బై ఏళ్ల ఒంటికి పది గంటల ఎండ అంటే ఇక రావద్దనడమేనని నాకు తెలుసు. తెలిసీ మార్జిన్లు చూసుకున్నాను. నా ఉద్యోగంలో నేను సిగ్గుపడే పని అదొక్కటే అనను. మొదటిది అని మాత్రం అంటాను.

నాలుగు రోజుల తర్వాత వకీలు సాబ్ మెట్లెక్కి వచ్చాడు. కొట్లాడతాడనుకున్నాను.

"ఏమయ్యా విఠల్, నా అంకె ఎట్ల తీస్తవో చూపించు జర."

చూపించాను. ఆయన వేలితో వరసలు పట్టుకుని చదివి, "బాగనే ఉన్నది" అన్నాడు.

నేను గొంతు తగ్గించాను. "సాబ్, మాషీ పాడుచేసింది నేనే. ఆ రెండు దెబ్బలు తీసేస్త. పద్దెనిమిది రాస్త. ఎవ్వరికీ తెల్వదు. ఆదివారం మీది మీకు దొరుకుతది."

ఆయన నన్ను చూశాడు. కోపంగా కాదు, సాక్షిని చూసినట్టు.

"నీకు తెల్వదా? నాకు తెల్వదా? ఇద్దరమైతిమి. ఎవ్వరికీ తెల్వదంటవేంది?" అని లేచాడు. "పద్దెనిమిది రాస్తే ఆదివారం దొరుకుతది, ఔ. గానీ ఆడ నేను ఆడేది ఏంది? నువ్వు రాసిందా, నేను కొట్టిందా? నా ఇరవై నాకు ఉండనీ." మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. "నువ్వెన్నడన్నా మైదానం కాడికి వచ్చినవా?"

"లేదు సాబ్."

"అరే! వంట ఎన్నడు తినకుండనే ఉప్పు ఎక్కువైందని రాస్తున్నవా? రేపు కోర్టుకు సెలవు. పొద్దున అయిదింటికి నాంపల్లి స్టేషన్ కాడ నిలబడు."

*గడ్డి లేని మైదానం*

ఆ పొద్దు నాకు ఇప్పటికీ నిద్రలో వస్తుంది. గుట్టల మీద మంచు పల్చగా, ఆరేసిన పంచెలా పడి ఉంది. రాళ్లు ఒకదాని మీద ఒకటి కూర్చుని ఏదో వింటున్నట్టు ఉన్నాయి. పచ్చదనం ఎక్కడా లేదు. ఎర్ర మట్టి, ముళ్ల పొదలు, అక్కడక్కడ వేపచెట్లు. గుంట చుట్టూ గడ్డి పరిచిన చోటును గ్రీన్ అంటారని కాగితాల్లో చదివాను. మాకు గడ్డి ఎక్కడిది? ఇసుకలో వాడేసిన ఇంజన్ నూనె కలిపి, చదును చేసి, బ్రౌన్ అని పేరు పెట్టుకున్నారు. నాలుగేళ్లుగా నేను రాసిన అంకెలన్నీ ఆ నూనె ఇసుక మీద పుట్టినవే.

వకీలు సాబ్ కర్ర ఎత్తాడు. తొందర లేదు. ఎత్తిన కర్ర ఒక్క క్షణం పైన ఆగి, తనే దిగివచ్చినట్టు దిగింది. ఉక్కు కర్ర ఠంగుమంటుందట. ఇది అలా అనలేదు. లోతు బావిలో గులకరాయి పడినట్టు ఒక మెత్తని మాట అంది. బంతి లేచి, మంచులో కలిసిపోయి, ఎక్కడో మళ్లీ నేల మీద నడుస్తూ కనబడింది. దూరంగా నాంపల్లిలో బండి కూత వేసింది. నేను సంచి మోస్తున్న సంగతే మరిచిపోయాను.

బ్రౌన్ మీద ఆయన బంతి గుంటకు రెండడుగుల దూరంలో ఆగింది. నేను చదివిన మర్యాదలన్నీ గుర్తొచ్చి, "ఉండనీయండి సాబ్, పడ్డట్టే" అన్నాను.

"పడ్డట్టే ఏంది? పడలే కదా." వంగి, కొట్టాడు. బంతి గుంట అంచు చుట్టి బయటికి వచ్చింది. "చూసినవా? ఇంకోటి రాయి."

అప్పుడు చెప్పాడు అసలు ముచ్చట. మా క్లబ్బులో జాగీర్దార్ల కాలం నుంచి ఒక మర్యాద ఉంది. పెద్దమనిషి చిన్న గుంట ముందు వంగి అవస్థ పడటం చూడటం అమర్యాద. అందుకని బంతి దగ్గరికి రాగానే ఎదుటివాడు ‘ఉండనీయండి’ అంటాడు, కార్డులో ఇంకొక్క దెబ్బ మాత్రం రాసుకుని బంతి తీసేస్తారు. దగ్గర అంటే ఎంత? మామూలు మెంబరుకు చెప్పు పొడవు. జమీన్ ఉన్నవాడికి చేతికర్ర పొడవు. "సెక్రటరీ సాబ్‌కు గొడుగు పొడవు," అన్నాడు వకీలు సాబ్, "అదీ తెరిచిన గొడుగు!" గొడుగంత దూరం నుంచి రెండు దెబ్బలో మూడో పట్టేవి. పద్దెనిమిది హోళ్లలో ఎన్ని మిగులుతాయో నేను అక్కడే వేళ్ల మీద లెక్కేసి, వేళ్లు చాలక ఆపేశాను.

నా బోర్డు మీదున్నవి అంకెలు కావు, సలాములు. ఎవరి మాట చెల్లుతుందో వాళ్ల అంకె చిన్నది. మొత్తం క్లబ్బులో ఒకే ఒక్క నిజమైన అంకె చిట్టచివర, ఇరవై అని ఉంది. దాన్నే పట్టుకుని నేను ఉత్తరం రాశాను.

*మూడు కార్డులు*

వెనక్కి వచ్చి నేను నాలుగేళ్లుగా తెరవని నియమావళి తెరిచాను. ప్రతి బంతీ గుంటలో పడితేనే ఆ కార్డు హాండిక్యాప్ లెక్కకు పనికొస్తుందని మూడో పేజీలోనే ఉంది. కొత్తగా చేరేవాళ్లు దయచేసి మూడో పేజీ దాకా అయినా చదవండి.

చదివినంత మాత్రాన సెక్రటరీ సాబ్ ముందు నోరు పెగల్లేదు. కాలమే కలిసొచ్చింది. వానల తర్వాత ఆడేలా సికింద్రాబాద్ ఫౌజీ జట్టుతో ఆ వేసవిలోనే పోటీ కుదుర్చుకున్నాం. మెంబర్లందరివీ నియమం ప్రకారం తీసిన హాండిక్యాప్‌లు పంపమని వాళ్లు రాశారు. తలా మూడు కార్డులు కావాలి, పక్కవాడు లెక్క రాసి సంతకం చేయాలి. సెక్రటరీ సాబ్ గర్వంగా ఒప్పుకున్నారు. ఆయన తొమ్మిదిని ఆయనే నమ్మేవారు, ఆ సంగతి కూడా రాయాలి. మర్యాదలో పెద్ద ప్రమాదం అదే. ఇచ్చినవాడు మరిచిపోతాడు, పుచ్చుకున్నవాడు సొంతం అనుకుంటాడు.

ఎవరికి ఎవరు లెక్క రాయాలో జతలు వేసే పని నాది. చీటీలు వేశానని అబద్ధం చెప్పను. సెక్రటరీ సాబ్ పేరు పక్కన వకీలు సాబ్ పేరు రాశాను. కోర్టుకు వేసవి సెలవులు, మామూలు రోజుల్లో తెల్లవారి ఆట. ఆదివారం నియమం అడ్డు రాదు.

మొదటి ఆటకు నేనూ పెన్సిల్ పట్టుకుని వెళ్లాను. మొదటి బ్రౌన్ మీద సెక్రటరీ సాబ్ బంతి గుంటకు మూడడుగుల్లో ఆగింది. ఆయన అలవాటుగా బంతి తీయడానికి వంగి, ఆగి, వకీలు సాబ్ వంక చూశారు. వకీలు సాబ్ గుట్ట మీది గద్దను చూస్తున్నాడు.

"లక్ష్మణ్ రావు గారూ..."

"చెప్పండి సాబ్."

"ఇది... పడ్డట్టే కద?"

"పడితే ఎంత మంచిగుంటది సాబ్! కొట్టండి, నేను చూస్త."

మూడు దెబ్బలు పట్టాయి. గద్ద ఒక చుట్టు తిరిగి వచ్చింది. పద్దెనిమిది హోళ్లు అయ్యేసరికి ఆ తెల్ల ప్యాంటు మోకాళ్ల దగ్గర నూనె ఇసుక అంటింది. అందరికంటే ముందు ఆయన మూడు కార్డులే వచ్చాయి, కూడి చూశాను. మళ్లీ కూడి చూశాను. ఇరవై రెండు.

*సంతకాల ఫైలు*

ఆ మధ్యాహ్నం సంతకాల ఫైలులో నాలుగు కాగితాలు పెట్టాను. మూడు మామూలువి. నాలుగోది వకీలు సాబ్‌కు వెళ్లిన ఉత్తరమే, అక్షరం మార్చలేదు. పేరు, అంకె మాత్రం సెక్రటరీ సాబ్‌వి. ఆదివారం ఉదయపు ఆట వీలుపడదని తెలియజేయుటకు చింతిస్తున్నాము. కింద సంతకం చేయాల్సిందీ ఆయనే.

మూడు సంతకాలు గబగబా అయ్యాయి. నాలుగో దాని మీద కలం ఆగింది. ఆయన చదివారు. మళ్లీ చదివారు. కింద దుకాణంలో ఎవరో బంతి నేలకేసి కొడుతున్న చప్పుడు ఒక్కటే వినబడుతోంది.

"ఏంది విఠల్ ఇది?"

"రూలు సార్. మీరు పెట్టిందే." ఉద్యోగం పోతే ఇంట్లో ఏం చెప్పాలో కూడా అనుకుని పెట్టుకున్నాను.

"తమాషా చేస్తున్నవా?"

"లేదు సార్. ఇరవై అంటే పంపినం. ఇరవై రెండు అంటే పంపకుంటే ఎట్ల?"

ఆయన కిటికీలోంచి ఆబిడ్స్ సడక్ మీది జనాన్ని చూశారు. అరుస్తారనుకున్నాను. అరవలేదు. తొమ్మిది పోగొట్టుకున్న మనిషి ముఖం అంత చిన్నబోతుందని నేను అనుకోలేదు. నాకూ కొంచెం బాధ కలిగింది. కొంచెమే.

"ఆ ఆదివారం రూలు రద్దని నోటీసు రాయి," అన్నారు చివరికి.

"వకీలు సాబ్‌కు వేరే ఉత్తరం..."

"ఔ, రాయి. నేనే చింతిస్తున్న అని రాయి."

టైపు మిషన్లో కాగితం ఎక్కించాను. "ఎప్పటి నుంచి రద్దు సార్?"

"ఎప్పటి నుంచేంది? ఎల్లుండి ఆదివారం నుంచే."

పని అక్కడితో అయిపోయినట్టే. న్యాయం జరిగిపోయింది. బుద్ధిమంతుడైన గుమాస్తా అక్కడ ఆగుతాడు. కానీ అప్పటికి నేను నియమావళి మూడో పేజీ దాటి చాలా దూరం వెళ్లాను.

"నియమం మారిస్తే ఏడు రోజులు బోర్డు మీద ఉండాలె సార్. పదకొండో పేజీ. ఎల్లుండికి కుదరదు. పై ఆదివారం నుంచి."

ఆయన నన్ను మొదటిసారి, కుర్చీలో మనిషి ఉన్నట్టు చూశారు. ఆ నాలుగో కాగితం మీద సంతకం చేశారు.

పై ఆదివారం వకీలు సాబ్ తెల్లవారి ఆరింటికి వచ్చి తన ఏడు కర్రలతో ఆడుకున్నాడు. ఆ తర్వాత మూడేళ్లు, చూపు మందగించేదాకా, ఆయన ఆదివారాలు ఆయనకే ఉన్నాయి. అంకె ఇరవై నుంచి ఒకటి కూడా తగ్గలేదు, తగ్గించమని ఆయన అడగనూ లేదు. నేను యాభై ఆరులో ఆ పని వదిలాను. రిజిస్టరు అప్పగించేనాటికి అందులో ఒక్క సలాము లేదు. నా వృత్తి మొత్తంలో గొప్పగా చెప్పుకోగలిగింది ఇది.

నోటీసు బోర్డు మీదున్న ఆ ఏడు రోజుల మధ్యలో వచ్చిన ఒక్క ఆదివారం గురించి మాత్రం గొప్పగా చెప్పుకోను. సెలవు రోజు, నాకు అక్కడ పని లేదు. అయినా సైకిల్ తొక్కుకుంటూ వెళ్లాను. మే నెల, పది గంటలు, గుట్టలు పెనంలా కాలుతున్నాయి. తొమ్మిదో హోల్ పక్కన వేపచెట్టు కింద ఒక గోలీ సోడా బండి ఉండేది. నీడలో రాయి చూసుకుని కూర్చున్నాను. ఎండలో ఒక తెల్ల ప్యాంటు, ఒంటరిగా, చాలా చిన్నగా, మొదటి హోల్ దగ్గర కనబడింది. తొమ్మిదో హోల్ చేరడానికి ఆయనకు గంటన్నర పట్టింది. రుమాలు తీసి మెడ తుడుచుకుని, నన్ను గుర్తుపట్టి, ముందుకు నడిచారు.

ఇంకా తొమ్మిది ఉన్నాయి. బండివాణ్ణి ఇంకో సోడా కొట్టమన్నాను.